రెప్ప మీద ఐసుముక్క

“అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పు. ఆ తర్వాతే గడప దాటు.”

మేడ మీది అద్దె గది. పట్టపగలే కిటికీకి దుప్పటి కట్టి ఉంది. గడపకు అవతల చెల్లెలు, వాలిపోతున్న ఎడమ రెప్పను చూపుడు వేలితో ఎత్తి పట్టుకుని నిలబడింది. ఇవతల అక్క, పూల కంపెనీ సూపర్వైజరు, మూత బిగించిన ఫ్లాస్కు గుండెకు హత్తుకుని, మెట్లెక్కిన ఆయాసం తీరక మునుపే ముద్దాయిలా నిలబడవలసి వచ్చింది.

“ముందు లోపలికి రానివ్వవే చిట్టీ. మెట్లెక్కి వచ్చాను.”

“నేనూ రోజూ ఎక్కుతున్నాను, మధ్యమధ్యలో కూర్చుని. జవాబు చెప్పు.”

“నీకు జరిగింది.”

“ఎలా?”

“నేను... తొందరపడ్డాను.”

“తొందరపడటం బస్సెక్కేవాళ్లు చేసే పని. నువ్వు చేసిందేమిటి?”

“అనుమానించాను. తాగి పనిలోకి వస్తున్నావని పదిమందిలో అన్నాను. నీ పని పోగొట్టాను. చాలా?”

“చాలదు. కానీ నిలబడలేకపోతున్నాను. రా.”

“ఈ చీకటేమిటి? కిటికీకి దుప్పటేమిటి?”

“వెలుతురు పడితే కన్ను మరీ మూతపడుతోంది. పైగా ఏది చూసినా రెండుగా కనిపిస్తుంది. ఇప్పుడు నువ్వూ ఇద్దరున్నావు. ఒక్క సూపర్వైజరుతోనే చచ్చాననుకుంటే.”

“రెండుగా కనిపిస్తోందా? ఎప్పటినుంచి?”

“నువ్వెప్పుడు డాక్టరువయ్యావు?”

“చెప్పవే.”

“పనిలోంచి తీసేయకముందు నుంచే. ఇప్పుడు ఎక్కువైంది. కూర్చో, ఆ కుర్చీ మీద కాదు, అది నాది. ఆ పెట్టె మీద కూర్చో.”

“పొద్దున లేవగానే ఎలా ఉంటుంది?”

“పొద్దున పూట మహారాణిని. బొత్తాలు కుట్టే పని తెచ్చుకున్నాను, పొద్దునే కూర్చుని కుట్టేస్తాను. మధ్యాహ్నానికి రెప్పలు బరువు. సాయంత్రానికి నాలుక మందం. కింది వాటావాళ్లు సాయంత్రం నన్ను చూసి పిల్లల్ని లోపలికి లాక్కుంటారు. తాగుబోతు వస్తోందని.”

“తల దువ్వుకుంటుంటే చెయ్యి నిలుస్తోందా?”

“...నిలవదు. సగం దువ్వేసరికి కిందికి జారిపోతుంది. అందుకే కత్తిరించేశాను.”

“అయ్యో, అందుకా! తలుపు తియ్యగానే చూసి, కొత్త ఫ్యాషను కాబోలు అనుకున్నాను.”

“నువ్వు అనుకున్నవన్నీ ఇలాగే ఏడ్చాయి.”

“నమలడం?”

“కాస్త నమిలేసరికి దవడ అలిసిపోతుంది. చేత్తో గడ్డం పట్టుకుని నమలాలి.”

“నీళ్లు తాగితే?”

“ఏమీ కాదు.”

“చిట్టీ. నీళ్లు తాగితే ఏమవుతోంది?”

“ఏమీ కాదన్నానా!”

“ముక్కులోంచి వస్తున్నాయా?”

“...ఎవరు చెప్పారు నీకు?”

“అంటే వస్తున్నాయి.”

“ఈ ప్రశ్నలన్నీ ఎక్కడ నేర్చుకున్నావక్కా? చిలకలా ఒక్కటి మర్చిపోకుండా అడుగుతున్నావు.”

“చెబుతాను. మధ్యలో లేచి నన్ను బయటికి తోయకూడదు.”

“తోసే ఓపికుంటే నువ్వు లోపలికి వచ్చేదానివా? చెప్పు.”

“మొన్న ఆసుపత్రివాళ్లు ఏదో సభకి పూలు కావాలని వచ్చారు. వాళ్లలో ఒకావిడ నరాల డాక్టరు. కట్టలు తనే ఏరుకుంటానని పూలు నిలవ ఉంచే కోల్డ్ రూమ్‌లోకి వచ్చింది. అక్కడ కొత్తగా చేరిన పిల్లొకతె ఆవులిస్తుంటే, నేను...”

“నువ్వు?”

“ఊరికే హాస్యానికి ఒకటి చెప్పాను.”

“ఏమని?”

“ఎందుకులేవే అది.”

“ఏమని, అక్కా?”

“మా చెల్లెలూ ఇంతే, కోల్డ్ రూమ్‌లో ఉన్నంతసేపూ కళ్లు విప్పార్చుకుని గలగలా మాట్లాడేది, ప్లాస్టిక్ తెర దాటి వెచ్చటి చోటికి రాగానే రెప్పలు వాల్చేసి మాట ముద్దచేసేది, చలికి దిగిపోయి ఎండకి ఎక్కే మత్తు లోకంలో ఎక్కడైనా ఉందా అని...”

“అందరూ నవ్వారా?”

“నవ్వారు.”

“అందరూ?”

“ఆవిడ నవ్వలేదు. చేతిలో గులాబీలు బకెట్లో పెట్టేసి, ‘మీ చెల్లెలు ఇప్పుడెక్కడుంది?’ అని అడిగింది.”

“ఏం చెప్పావు?”

“ఎటు వెళ్లిపోయావో తెలియదన్నాను.”

“నిజమే చెప్పావు పాపం.”

“ఆ రోజు నుంచీ నీ అడ్రసు కోసం తిరగని వీధి లేదు. చివరికి బొత్తాల పనిచ్చేవాడు చెప్పాడు.”

“పేరేమిటి? జబ్బుకి పేరుంటుంది కదా.”

“మయస్తీనియా గ్రావిస్ అంది. ఎన్నిసార్లు అనుకున్నా నాకు నోరు తిరగదే.”

“నోరు తిరగనిది నాకు. నీ నోటికేం?”

“చాలా కొద్దిమందికే వస్తుందట. నరం చెప్పే మాట కండకి అందే చోటొకటి ఉంటుందట. బయటి నుంచి రోగం రాకుండా ఒంట్లో కాపలా ఉంటుంది చూడు, అది పొరబడి సొంత ఒంటి మీదే పడి, ఆ చోటుని చెడగొడుతుందట. నరం పిలుస్తూనే ఉంటుంది, కండకి వినపడదు. వాడేకొద్దీ అలిసిపోతుంది, కాస్త ఊరుకుంటే తేరుకుంటుంది.”

“కాపలా కాయాల్సింది సొంతవాళ్ల మీదే పడుతుందన్నమాట.”

“అవునట.”

“అంటే నీలాగ.”

“...అను. ఎన్ని అనాలని ఉందో అన్నీ అను. ముందు ఈ ఫ్లాస్కు మూత తియ్యనివ్వు.”

“ఏముంది అందులో?”

“ఐసు.”

“నన్ను చల్లార్చడానికా?”

“కన్ను మూసుకో. గుడ్డలో చుట్టే తెచ్చాను, చర్మానికి తగలదు. కాసేపే.”

“ముట్టుకోకు!”

“నేను...”

“నన్ను ముట్టుకోకు. ఇలా ఇవ్వు, నేనే పెట్టుకుంటాను.”

“సరే, నువ్వే పెట్టుకో. ఆ రెప్ప మీద. గట్టిగా నొక్కకు. ...చెయ్యి దిగిపోతోంది చిట్టీ.”

“తెలుసు.”

“మళ్లీ దిగిపోతోంది.”

“తెలుసన్నానా! ...ఇదిగో, మోచేతి కింద ఈ దిండు పెట్టు. దిండు పెట్టు, చెయ్యి కాదు.”

“పెట్టాను. చల్లగా ఉందా?”

“ఐసు వేడిగా ఉంటుందా?”

“నా ప్రాణం తీయడం మాత్రం మానలేదు నువ్వు.”

“ఒంట్లో అలిసిపోకుండా పనిచేస్తున్నది అదొక్కటే.”

“ఇక చాలు, తియ్యి. కన్ను తెరు. వేలు పెట్టకు. వేలు పెట్టకుండా తెరు.”

“ఊఁ, తెరిచాను.”

“చిట్టీ!”

“ఏమిటి? ఏమైంది? నీ మొహం అలా అయిందేమిటి?”

“అద్దం ఏది?”

“తలుపు వెనక. ఏమైందో చెప్పక్కా, భయపెట్టకు.”

“ఇదిగో, నువ్వే చూసుకో.”

“...ఇది నా కన్నేనా?”

“నీదే.”

“పూర్తిగా తెరుచుకుంది. వేలు లేకుండా.”

“చలి తగిలితే ఆ చోట మాట కాసేపు అందుతుందట. మళ్లీ వాలిపోతుంది, గాభరాపడకు. ఇది మందు కాదు, గుర్తు పట్టడానికి ఒక దారి, అంతే. అసలు పరీక్షలు ఆసుపత్రిలో చేస్తారు. మందులున్నాయట. నెమ్మదిగా అయినా మనిషి మామూలుగా బతకొచ్చట.”

“ఆగు. చలి తగిలితే... అంటే కోల్డ్ రూమ్‌లో...”

“అవును.”

“కోల్డ్ రూమ్‌లో నేను బాగుండటం...”

“అవును చిట్టీ.”

“నటన కాదు.”

“కాదు.”

“నేనే నమ్మేశానక్కా. నీకు తెలియదు. లోపల బాగుండి, తెర దాటగానే ఇలా అవుతోందంటే నాకే ఏదో వంకరబుద్ధి ఉందనుకున్నాను. ఇదే అద్దం ముందు నిలబడి నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ‘ఒసే దొంగా, తెరవ్వే కన్ను’ అని. అచ్చం నీ గొంతుతో.”

“అలా అనకే.”

“ఏ సాక్ష్యంతో నన్ను దొంగని చేశావో, అదే నా జబ్బుకి గుర్తు!”

“నా కళ్లముందే ఉంది. తెర దాటాక ఎంతసేపటికి నీ రెప్ప వాలుతుందోనని వాచీ పట్టుకుని మరీ చూశాను.”

“వాచీ పట్టుకునా?”

“పని తప్పించుకోవడానికి నటిస్తున్నావని, నిన్ను పట్టుకుందామని.”

“డాక్టరు చేయాల్సిన పరీక్షని పోలీసులా చేశావన్నమాట.”

“తిట్లన్నీ దారిలో తిట్టు. కింద కంపెనీ వ్యాన్ ఉంది, డాక్టరమ్మ మన కోసం కూర్చుని ఉంటానంది. ఊపిరి పీల్చే కండలకి పాకితే ప్రాణం మీదికొస్తుందట, నీళ్లు ముక్కులోంచి వస్తుంటే ఒక్క పూట కూడా ఆగొద్దంది. వెల్లకిలా పడుకోగలుగుతున్నావా?”

“ఆ అద్దం మళ్లీ తలుపు వెనక పెట్టెయ్.”

“చిట్టీ, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడుతోందా?”

“ఆ కుర్చీ నాదన్నాను కదా. అందులోనే కూర్చుని నిద్రపోతున్నాను.”

“అమ్మో! లే. ఇప్పుడే లే.”

“రాను.”

“రాకపోవడమేమిటే!”

“పని పోయాక ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్లావు. గుర్తుందా?”

“ఇప్పుడవన్నీ ఎందుకు?”

“గుర్తుందా లేదా?”

“...ఉంది.”

“ఆ డాక్టరు నా కళ్లలోకి లైటు వేశాడు. ‘పైకి చూడమ్మా, అలాగే చూస్తూ ఉండు’ అన్నాడు. దారిలోకే వచ్చాడక్కా ఆయన. ఇంకాసేపు అలాగే చూడనిస్తే రెప్ప దానంతటదే వాలేది, ఆయనకి ఏదో తట్టేది. అప్పుడు నువ్వు పక్కనుంచి ఏమన్నావు?”

“వదిలెయ్యవే.”

“అను.”

“‘తాగుడు అలవాటుందండీ’ అన్నాను.”

“ఆయన లైటు ఆర్పేశాడు.”

“చిట్టీ...”

“ఎందుకన్నావు?”

“నేను అలాగే అనుకున్నాను కాబట్టి.”

“అనుకునే అన్నావా?”

“మరి? లాకర్లో సీసా దొరికింది కదా.”

“అవును, దొరికింది. మనిద్దరికీ కలిపి ఒకటే లాకరు.”

“...ఐసు కరిగిపోతోంది, ఆ గుడ్డ ఇలా ఇవ్వు.”

“గుడ్డ ఉండనీ. పెద్దమ్మగారు ఆ సీసా గేటు దగ్గర బల్ల మీద పెట్టి ‘ఎవరిదిది?’ అన్నారు. కంపెనీ ఆవిడది, అడిగే హక్కుంది. నువ్వు మాట్లాడలేదు. నా వైపు చూశావు. నువ్వు చూడగానే అందరూ చూశారు. అది సాయంత్రం. ‘నాది కాదు’ అనబోతే ఆ మాటే ముద్దగా వచ్చింది. అందరూ ఫక్కున నవ్వారు. అప్పుడు నువ్వు ముందుకొచ్చి ‘నోరు తెరు, ఊదు’ అన్నావు.”

“మాట ముద్దయిపోతోందే. కాసేపు ఆగు, అలిసిపోతున్నావు.”

“అలిసిపోనీ. పొద్దుటినుంచీ పొదుపు చేసుకున్న మాటలివి, ఇక్కడే ఖర్చుపెడతాను. ఊదాను. నువ్వు వాసన చూసి ఏమన్నావు?”

“...‘వస్తోంది’ అన్నాను.”

“వచ్చిందా?”

“ఇక ఆపవే చిట్టీ.”

“వచ్చిందక్కా. నాకూ వచ్చింది. నీ మొహం నా మొహానికి అంత దగ్గరగా ఉంది కదా. ఆ వాసన నీ నోట్లోంచి వచ్చింది. గుడ్డ అడిగావుగా, ఇదిగో. మొహం తుడుచుకో.”

“నీకు... తెలుసా?”

“ఆ నిమిషం నుంచీ.”

“మరి చెప్పలేదేమే! నన్ను బయటపెట్టలేదేమే!”

“ఏ నాలుకతో చెప్పను? చెప్పినా నమ్మేదెవరు, తడబడే నన్నా, తడబడని నిన్నా? నువ్వు తాగినా మాట తొణికేది కాదు. నేను తాగకుండానే తూలేదాన్ని.”

“చంపెయ్యవే నన్ను.”

“అదేం వద్దు. గడప దగ్గర అడిగినదానికి జవాబు ఇంకా సగమే ఇచ్చావు. మిగతా సగం చెప్పు. ‘తొందరపడ్డాను’, ‘అనుమానించాను’ అనేవి వద్దు.”

“సీసా నాది. ఆ చలి తట్టుకోవడానికని మొదలుపెట్టాను, తర్వాత చలి లేకపోయినా తాగాను. దొరికిపోయేసరికి నా ఉద్యోగం పోతుందని నిన్ను చూపించాను. నీ దగ్గర వాసన లేదని తెలిసే ఉందన్నాను. గేటు దగ్గర ఆడిన అబద్ధం బయటపడుతుందని డాక్టరు దగ్గరా అదే ఆడాను. నీ జబ్బు నా అబద్ధం వెనకాల దాక్కుంది. అన్యాయం నీకు జరిగింది. ఇలా జరిగింది. చేసింది నేను.”

“ఆఁ. ఇది జవాబు.”

“ఇక పద. నీ కాళ్లు పట్టుకుంటాను.”

“పట్టుకోకు. నా ఒక్కదానికి చెబితే సరిపోదు. నన్ను గేటు దగ్గర ఊదించావు. అక్కడే, వాళ్లందరి ముందే, ఈ మాటలే చెప్పు. ఆ తర్వాత ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను.”

“ముందు ఆసుపత్రికి రావే. అదంతా తర్వాత...”

“తర్వాత అనేది నాకుందో లేదో! దారిలో ఊపిరి ఆగిపోతే ఏమంటారు? తాగి తాగి పోయిందంటారు. నేను అలా పోనక్కా. నా పేరు నాకు తెచ్చిపెట్టు, అప్పుడు వ్యాన్ ఎక్కుతాను.”

“అక్కా! ఓ అక్కా! ఇక్కడ కింద వ్యాన్ ఆపొద్దని గోల చేస్తున్నారు. దిగుతున్నారా?”

“వస్తున్నాం, ఉండవయ్యా!”

“...ఎవరది, డ్రైవరేనా?”

“డ్రైవరే. లే చిట్టీ.”

“నిన్ను అక్కా అన్నాడే.”

“అంటే ఏమైంది?”

“నువ్వు వాడికి ఎప్పుడూ సూపర్వైజర్ మేడమ్‌వే. ఒకసారి నోరు జారి అక్కా అన్నాడని ఎంత చెరిగేశావో నాకు తెలియదా?”

“రోజులన్నీ ఒకేలా ఉంటాయా? చెప్పులెక్కడున్నాయి నీవి?”

“ఇంకోటి. నువ్వు నడిచొస్తుంటే నడుం దగ్గర తాళాలు గలగలమనేవి. అవి వినపడగానే మేమంతా కబుర్లు ఆపి కాడలు కత్తిరించేవాళ్లం. ఇవాళ మెట్లెక్కి వస్తే చప్పుడే లేదు. ఏ పిల్లో అనుకున్నాను. కోల్డ్ రూమ్ తాళాలేవక్కా?”

“ఉన్నాయిలే.”

“ఎక్కడ?”

“పెద్దమ్మగారి బల్ల మీద.”

“ఎందుకు?”

“ఊపిరి ఎగపోస్తున్నావే, మాట్లాడకు, పద...”

“ఎందుకక్కా?”

“...పొద్దున షిఫ్టు మారేవేళ, అందరూ గేటు దగ్గర ఉండగా, చెప్పేశాను. ఇప్పుడు నీకు చెప్పిన మాటలే. ఒక్కటీ తగ్గించలేదు. నిన్ను నిలబెట్టిన చోటే నిలబడ్డాను.”

“ఎవరైనా నవ్వారా?”

“ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది. కాడలు కోసే ముసలావిడ మాత్రం, ‘ఆ పిల్ల బతికుందా?’ అంది.”

“మరి ఇంతసేపూ నాకు చెప్పకుండా, నేను రాను రాను అంటుంటే చూస్తూ కూర్చున్నావేమిటి!”

“సీసా సంగతి నీకు తెలియదనుకున్నాను. అది వింటే తలుపు నా మొహాన వేస్తావు, ఆసుపత్రికి రావు. నిన్ను డాక్టరమ్మ చేతిలో పెట్టాకే చెబుదామనుకున్నాను. తెలుసని నువ్వు చెప్పాక కూడా... చేసిందంతా చేసి, చెప్పానని గొప్పగా ఎలా చెప్పుకోనే?”

“పెద్దమ్మగారు ఏమన్నారు?”

“నా మొహం చూడలేదు. తాళాలు అక్కడ పెట్టమన్నారు. వ్యాన్ తీసుకెళ్లమన్నారు. తర్వాత ఆవిడే లోపలికెళ్లి, చలికి నువ్వు వేసుకునే పాత కోటు వెతికించి, దులిపి, కోల్డ్ రూమ్ తలుపు పక్కన కొక్కేనికి తగిలించారు. నేను వచ్చేసేటప్పుడు అక్కడే వేలాడుతోంది.”

“నా కోటా? ఆ చిరుగు జేబుదా?”

“అదే.”

“అందరూ చూస్తుండగానా?”

“అందరూ చూస్తుండగా.”

“...ఇలా రా.”

“చెప్పులు తెస్తానుండు.”

“చెప్పులు కాదు, నువ్వు రా. దగ్గరికి. ఇంకా దగ్గరికి.”

“ఏమిటే?”

“నోరు తెరు. ఊదు.”

“హా...”

“ఇంకోసారి.”

“...వస్తోందా?”

“రావడం లేదక్కా. బాకీ తీరిపోయింది. ఇక నన్ను ఎత్తుకో, మెట్లు నేను దిగలేను.”